ముక్కు పసిగట్టని విషం

విజయవాడ నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"కిందటేడు డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరునెలలు వుండి వచ్చాం. వాళ్ళింట్లో పడకగదుల ముందు గోడకి అరచెయ్యంత తెల్లని డబ్బా ఒకటి బిగించి వుంది. ఏమిటని అడిగితే కార్బన్ మోనాక్సైడ్ అలారం అన్నాడు. ఒకనాటి రాత్రి అది నిమిషానికోసారి కిచ్‌మంటుంటే నిద్రపట్టక మావారు బ్యాటరీ తీసి పక్కన పడేశారు. తెల్లవారి అబ్బాయి చాలా కోప్పడ్డాడు. ఇక్కడ మా ఫ్లాటులో స్నానాలగదిలో గ్యాస్ గీజరు వుంది. మాకూ అలాంటి డబ్బా అవసరమా? వంటింట్లో గ్యాస్ లీకు అలారం ఎలాగూ వుంది కదా, అది చాలదా?"

ఈ ఉత్తరానికి జవాబు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. అలాంటి డబ్బా మీకు అవసరమే. వంటింట్లో వున్నది చాలదు. కాని అంతకన్న ముందు చెయ్యవలసిన పని ఇంకొకటి వుంది. అది మీ స్నానాలగదికి సంబంధించినది. ఈ మూడూ ఎందుకో తెలియాలంటే ముందు ఈ వాయువు సంగతి తెలుసుకోవాలి.

పొగలేని నిప్పే ప్రమాదం

కట్టెలు, బొగ్గులు, కిరసనాయిలు, పెట్రోలు, వంటగ్యాసు - ఇవన్నీ కర్బన పదార్థాలే. వీటికి గాలి పుష్కలంగా అందితే పూర్తిగా మండి బొగ్గుపులుసు వాయువుగా మారిపోతాయి. గాలి చాలకపోతే సగం సగమే మండుతాయి. అప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. పేరు దగ్గరగా వున్నా బొగ్గుపులుసు వాయువు వేరు, ఇది వేరు. మనం ఊపిరి విడిచినప్పుడు బయటికి వచ్చేది మొదటిది. ప్రాణం తీసేది రెండవది.

దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. పొగ అయితే మనల్ని తరిమి బయటికి పంపుతుంది. ఇది అలా తరమదు, కూర్చున్నచోటనే జోకొడుతుంది.

మన ఇళ్ళల్లో కుంపటి రాజేసి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడేదాకా ఆరుబయట వుంచి, ఆ తరువాత గదిలోకి తెస్తారు. పొగ పోయింది కాబట్టి భయం లేదనుకుంటారు. నిజానికి పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గు నుంచే ఈ వాయువు ధారాళంగా వస్తుంది. పొగ పోయిందంటే విషం పోయిందని కాదు, విషం వున్నట్లు చెప్పే గుర్తు పోయిందని అర్థం.

ఒంట్లో అది చేసే పని

మన రక్తంలో ఎర్రకణాలున్నాయి. వాటిలోని హిమోగ్లోబిన్ అనే పదార్థం ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని గుండెకూ, మెదడుకూ, కండరాలకూ మోసుకుపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఈ హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

బస్సు రాగానే కిటికీలోంచి సీట్ల మీద తువ్వాళ్ళు పరిచేసేవాళ్ళను మీరు చూసే వుంటారు. ఇదీ అంతే. సీట్లన్నీ అది ఆక్రమిస్తే ప్రాణవాయువుకు చోటుండదు. బస్సు నిండుగానే వెడుతుంది గాని, దిగవలసిన ప్రయాణికుడు అందులో వుండడు. మెదడూ గుండే ఎదురుచూసి ఎదురుచూసి సొమ్మసిల్లుతాయి.

అది ఒకసారి పట్టుకుంటే తేలికగా వదలదు. మామూలు గాలి పీలిస్తే, రక్తంలో వున్నదాంట్లో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో సగం పోతుంది. అందుకే "ఇంట్లోనే కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనుకోరాదు.

అందరిలోకీ ముందుగా దెబ్బతినేవారు గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, గుండెజబ్బు, రక్తహీనత వున్నవారు. గర్భంలోని శిశువు రక్తం ఈ వాయువును తల్లి రక్తం కన్న గట్టిగా పట్టి వుంచుకుంటుంది. తల్లికి కాస్త తలనొప్పితో పోయినా బిడ్డకు అపాయం జరగవచ్చు.

పైత్యమని పొరపడవద్దు

మొదట తలనొప్పి. తరువాత తలతిరగడం, వికారం, వాంతి, నిస్సత్తువ, కాళ్ళలో పట్టులేకపోవడం. కొందరికి ఛాతీలో నొప్పి. ఆపైన మగతగా, తికమకగా వుండటం, స్పృహ తప్పడం. ఇవి చూసి కొందరు పైత్యం అంటారు, కొందరు అజీర్తి అంటారు, కొందరు ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని, చలిగా వుందని తలుపులు మరింత బిగించుకుని పడుకుంటారు. చేయరానిది సరిగ్గా అదే.

తేడా కనిపెట్టడానికి మూడు గుర్తులు చెబుతాను. ఒకటి: తలనొప్పీ వికారమూ వున్నా జ్వరం వుండదు. రెండు: ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే వస్తుంది. పెంపుడు కుక్క కూడా నీరసపడవచ్చు. మూడు: బయటికి వెళితే తగ్గుతుంది, ఇంటికి రాగానే మళ్ళీ మొదలవుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఏం మండుతున్నదో వెంటనే చూసుకోండి.

ప్రసిద్ధ ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా 1902లో పారిస్‌లో తన పడకగదిలోనే చనిపోయాడు. చలికి గదిలో నిప్పు వేసుకుని, కిటికీలు మూసి, భార్యాభర్తలు పడుకున్నారు. పొగగొట్టం మూసుకుపోయి వుంది. రాత్రి ఇద్దరికీ ఒంట్లో బాగాలేక మెలకువ వచ్చింది. పనివాళ్ళను లేపుదామని భార్య అంటే, తెల్లవారేసరికి సర్దుకుంటుంది, వాళ్ళ నిద్ర చెడగొట్టవద్దని ఆయన వారించాడట. ఆయన తెల్లవారి లేవలేదు. ఆమె బతికింది. తినకూడనిదేదో తిన్నామనుకున్నారే గాని గాలిని అనుమానించలేదు.

అది ఆ కాలపు సంగతి అనుకోవద్దు. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాలుకు విహారయాత్రకు వెళ్ళిన ఎనిమిదిమంది దామన్ అనే కొండ ఊళ్ళో ఒక విడిదిలో దిగారు. వారిలో నలుగురు పిల్లలు. చలికి గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్నారు. ఎనిమిదిమందీ చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడ్డ టెక్సాస్ రాష్ట్రాన్ని మంచుతుఫాను ముంచెత్తి రోజుల తరబడి కరెంటు పోయింది. వెచ్చదనం కోసం కొందరు ఇంట్లో బొగ్గులు కాల్చారు, కొందరు గ్యారేజీలో కారు నడిపి అందులో కూర్చున్నారు, కొందరు జనరేటరు ఇంట్లో పెట్టారు. ఈ వాయువు బారినపడి వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. కొందరు మరణించారు.

మన ఇళ్ళల్లో ఎక్కడ?

మాది చలిదేశం కాదుగదా అని తోసిపుచ్చవద్దు. మన ఇళ్ళల్లో దీనికి ముఖ్యంగా నాలుగు తావులున్నాయి.

మొదటిది గ్యాస్ గీజరు. చిటికెలో నీళ్ళు కాగాలి కాబట్టి ఇది తక్కువ వ్యవధిలో చాలా గ్యాసు మండిస్తుంది. స్నానాలగది ఇరుకు. చలికాలం వస్తే ఆ వున్న ఒక్క వెంటిలేటరుకూ అట్టముక్క అడ్డం పెడతారు. గదిలో ప్రాణవాయువు తగ్గినకొద్దీ మంట సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. స్నానం చేస్తున్న మనిషి కిందపడి, బయటి వాళ్ళు తలుపు పగలగొడితే గాని తెలియదు. మూర్ఛజబ్బు అనుకుని మందులు వాడినవాళ్ళూ వున్నారు. మన దేశపు వైద్యపత్రికల్లో దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అనే పేరే పడింది.

రెండవది బొగ్గుల కుంపటి. అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతాల్లో చలికి వేసుకునేది ఒకటి. అన్ని ఊళ్ళల్లోనూ బాలింత గదిలో పెట్టేది ఇంకొకటి. బాలింతకు గాలి తగలకూడదని కిటికీలు మూసి, తలుపు సందులకు గుడ్డలు కుక్కి, మంచం కింద నిప్పులు పెట్టి, పైన సాంబ్రాణి వేయడం కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ వుంది. ఆ గదిలో వున్నది రక్తం పోయి నీరసించిన తల్లి, పుట్టి పదిరోజులైనా కాని పసిగుడ్డు. పెద్దవారిని నొప్పించవలసిన పని లేదు. తల్లికీ బిడ్డకూ వెచ్చదనం కావలసిందే. అయితే అది దుప్పటితోనూ, వేడినీళ్ళ సీసాతోనూ, బిడ్డను తల్లి ఒంటికి హత్తుకుని పడుకోబెట్టడంతోనూ ఇవ్వవచ్చు. వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి తల్లికే వాడండి, పసిబిడ్డ ఒంటికి ఆనించవద్దు. నిప్పు మాత్రం గదిలో వద్దు.

మూడవది జనరేటరు. దుకాణాల వెనుక గదిలోనో, మెట్లకిందనో, అపార్టుమెంటు సెల్లారులోనో పెడతారు. దాని గాలి మెట్లదారి వెంట, లిఫ్టు గొయ్యి వెంట పైకి వచ్చి పడకగదుల్లో చేరగలదు.

నాలుగవది కారు. మూసిన షెడ్డులో ఇంజను నడపడం, రోడ్డు పక్కన ఆపి అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని నిద్రపోవడం.

కరెంటు గీజరు, ఇండక్షన్ పొయ్యి, ఇన్వర్టరు, ఫ్రిజ్ - వీటిలో మంట లేదు కాబట్టి వీటినుంచి ఈ వాయువు రాదు. ఇంట్లో వున్నవన్నీ ఇవే అయి, పక్కవారి జనరేటరు గాలి రాకుండా వుంటే, మీకు ఈ అలారంతో అంత పనిలేదు. అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టవద్దు.

మూడు అలారాలు, మూడు పనులు

యంత్రాలు రాకముందు బొగ్గుగనుల్లోకి పంజరంలో చిన్న పిట్టను తీసుకుపోయేవారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1890లలో చెప్పిన ఉపాయం అది. మనిషికన్న పిట్ట త్వరగా సొమ్మసిల్లుతుంది, దాన్ని చూసి మనుషులు బయటపడతారు. బ్రిటన్ గనుల్లో 1986 నుంచి ఆ పిట్టలకు సెలవిచ్చి యంత్రాలు పెట్టారు. మీ అబ్బాయిగారి గోడమీది డబ్బా ఆ పిట్ట పనే చేస్తుంది. లోపల ఒక చిన్న రసాయన ఘటం వుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే అందులో సన్నని విద్యుత్తు పుడుతుంది. అది హెచ్చితే గంట మోగుతుంది.

దీన్ని మిగిలినవాటితో కలపవద్దు. వంటగ్యాసు లీకు అలారం మండని గ్యాసును పసిగడుతుంది. ఇది సగం మండిన గ్యాసునుంచి పుట్టేదాన్ని పసిగడుతుంది. పొగ అలారం పొగనే పసిగడుతుంది. వంటగ్యాసు గాలికన్న బరువు, నేలవెంట పాకుతుంది. అందుకే దాని అలారం కింద, నేలకు దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ గాలికన్న రవ్వంత తేలిక, గదంతా కలిసిపోతుంది. ఇంకో తేడా: వంటగ్యాసులో వాసన కలిపి ఇస్తారు కాబట్టి మన ముక్కుకూ తెలుస్తుంది. దీనికి ఆ వీలులేదు. మన ముక్కు చేయలేని పనిని చేసేది ఈ డబ్బా ఒక్కటే.

కొనేటప్పుడు పెట్టెమీద కార్బన్ మోనాక్సైడ్ అనే మాట స్పష్టంగా వుందో లేదో చూడండి. ఇ.ఎన్. 50291 గాని, యు.ఎల్. 2034 గాని, ఏదో ఒక ప్రమాణం గుర్తు వుండాలి. మొదటిది ఐరోపాది, రెండవది అమెరికాది. తయారైన తేదీ, పనిచేసే కాలం చూడండి. లోపలి ఘటం ఎల్లకాలం పనిచేయదు. రకాన్నిబట్టి అయిదునుంచి పదేళ్ళు. ఆ గడువు తీరితే బ్యాటరీ మార్చినా లాభంలేదు, డబ్బానే మార్చాలి. కరెంటు పోయినప్పుడే జనరేటర్లూ కుంపట్లూ బయటికి వస్తాయి కాబట్టి బ్యాటరీతో నడిచేదో, బ్యాటరీ కూడా వున్నదో తీసుకోండి. గాలిలో విషం చేరితే రంగుమారే బిళ్ళలు కూడా అమ్ముతారు. నిద్రపోయేవాణ్ణి రంగు లేపలేదు. వాటిని నమ్ముకోవద్దు.

ఎక్కడ బిగించాలి?

ఒక్కటే కొనగలిగితే పడకగదుల ముందు వసారాలో, నిద్రలో వున్నవాళ్ళకు వినిపించేచోట పెట్టండి. మేడ ఇల్లయితే అంతస్తుకొకటి వుండాలి. నిప్పు మండే యంత్రం వున్న గదిలో పెడితే దానికి మూడు నుంచి పది అడుగుల దూరంలో వుండాలి. ఎత్తు సంగతి దానితో వచ్చిన కాగితంలో వుంటుంది. అలాగే చెయ్యండి. పడకగదిలో అయితే పడుకున్న మనిషి ముక్కు ఎత్తున వుండటం మంచిది.

పరదా వెనుక, బీరువా పైన, ఫ్యాను గాలి నేరుగా తగిలేచోట, కిటికీ పక్కన, పొయ్యికి సరిగ్గా పైన పెట్టవద్దు. స్నానాలగదిలోనూ పెట్టరాదు. ఆవిరికి పాడవుతుంది.

ఇక్కడే ఉత్తరం రాసిన సోదరి శ్రద్ధగా వినాలి. డబ్బా స్నానాలగదిలో పెట్టకూడదు. బయట పెడితే, లోపల గొళ్ళెం పెట్టుకున్న మనిషిని అది కాపాడలేదు. విషం తలుపు దాటి డబ్బాను చేరేసరికి లోపలి మనిషి పడిపోయి వుంటారు. కాబట్టి స్నానాలగదిలోని గ్యాస్ గీజరుకు అలారం విరుగుడు కాదు. ముందు గీజరును బయటికి, గాలి ఆడే బాల్కనీలోకి మార్పించండి. వేడినీళ్ళు గొట్టం ద్వారా లోపలికి వస్తాయి. మంట గాలి తిరిగి కిటికీలోంచి ఇంట్లోకి రాకుండా చూడాలి. ఇది కంపెనీ మెకానిక్కు చేయవలసిన పని, ప్లంబరుకు వదిలేయవద్దు. మార్పించే దాకా, వెంటిలేటరూ తలుపూ తెరిచి వుంచి, బకెట్టు నింపుకుని, గీజరు ఆపి, కాసేపు గాలి ఆడనిచ్చి, ఆ తరువాతే స్నానానికి వెళ్ళండి. ఇది అయ్యాక, పడకగదుల ముందు అలారం పెట్టించండి.

అది మాట్లాడే భాష

చాలా అలారాల్లో నాలుగుసార్లు వరసగా కూసి, కాసేపు ఆగి, మళ్ళీ నాలుగుసార్లు కూస్తే కార్బన్ మోనాక్సైడ్ వున్నట్లు. అమెరికా ఇళ్ళల్లో మూడుసార్లు కూసి ఆగితే అది పొగ అలారం. నిమిషానికోసారి కిచ్‌మని ఒక్క కూత కూస్తే బ్యాటరీ అయిపోవచ్చిందనో, డబ్బా గడువు తీరిందనో అర్థం. కంపెనీనిబట్టి తేడాలుంటాయి. కాగితం చదివి, ఏ కూతకు ఏమిటో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి డబ్బా పక్కన అంటించండి. పిల్లల దగ్గరకు విదేశాలు వెళ్ళే తల్లిదండ్రులు మొదటిరోజే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. విజయవాడ సోదరి భర్తగారు విన్నది బ్యాటరీ కూత. దానికి మందు కొత్త బ్యాటరీయే. ఉన్న బ్యాటరీ తీసేస్తే, ఆకలని అరిచిన కాపలాకుక్కను తరిమేసినట్లే.

వారానికోసారి, పోనీ నెలకొకసారైనా, పరీక్షమీట నొక్కి చూడండి. ఆ కూత ఇంట్లో పిల్లలకూ, పనిమనిషికీ, తాతగారికీ అందరికీ వినిపించండి. వినికిడి తగ్గినవారికి దీపం వెలిగి ఆరే రకమో, మంచాన్ని అదిరించే రకమో దొరుకుతుంది. పైన దుమ్ము పొడిగుడ్డతో తుడవండి. దోమలమందు దానిమీద కొట్టవద్దు.

ఇది విషం తగిలిన మరుక్షణం మోగదు. గాలిలో పదిలక్షల పాళ్ళలో ఇది 300 పాళ్ళుంటే, ఐరోపా ప్రమాణం ప్రకారం, మూడు నిమిషాల్లోపల మోగాలి. 100 పాళ్ళయితే పది నిమిషాలనుంచి నలభై నిమిషాల మధ్య. 50 పాళ్ళయితే గంటనుంచి గంటన్నర మధ్య. 30 పాళ్ళయితే రెండుగంటలలోపు మోగకూడదు. రక్తంలో విషం పేరుకోవడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టి ఇలా పెట్టారు. దీనినుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. మోగినప్పుడు మీకు ఒంట్లో బాగానే వుండవచ్చు. డబ్బా అబద్ధమాడిందని కాదు, మిమ్మల్ని వేళకు హెచ్చరించిందని అర్థం. అలాగే అది మోగకపోయినా తలనొప్పీ వికారమూ కనిపిస్తే, మోగలేదుగదా అని ఊరుకోవద్దు.

మోగితే ఏం చేయాలి?

అందరూ బయటికి నడవండి. పసిపిల్లలనూ, మంచంలో వున్నవారినీ ముందు తీసుకెళ్ళండి. దారిలో వున్న తలుపులూ కిటికీలూ తెరవండి. చేతికి అందుబాటులో వుంటే గీజరో పొయ్యో ఆపండి. వెతుక్కుంటూ ఆగవద్దు. బయటికి వచ్చాక తలలు లెక్కపెట్టండి. ఎవరికైనా తలనొప్పి, వాంతి, మగత వుంటే 108కి ఫోను చేయండి. అమెరికాలో అయితే 911. కారణం తేలి, మెకానిక్కు సరిచేసేదాకా ఆ నిప్పును మళ్ళీ వెలిగించవద్దు. కిటికీలు తెరిచాక కూత ఆగిందంటే లోపం పోయిందని కాదు, గాలి వచ్చిందనే.

స్నానాలగదిలో ఎవరైనా పడిపోతే తలుపు తెరిచి, మీరు ఊపిరి బిగబట్టి, మనిషిని ఆరుబయటికి లాగండి. ఊపిరి లేకపోతే 108 వారు ఫోనులో చెప్పినట్లు గుండె నొక్కడం మొదలుపెట్టండి.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "గ్యాస్ గీజరు నడుస్తున్నది", "గదిలో కుంపటి వుంది" అని మీరే ముందుగా చెప్పండి. ఇది చెప్పకపోతే కనిపెట్టడం కష్టం. ఇంకొక ముఖ్యమైన మాట. 2020, 2021లలో కరోనా నాడు చాలామంది వేలికి తగిలించే ఆక్సీమీటరు కొన్నారు. ఈ విషం విషయంలో అది మోసం చేస్తుంది. మామూలు ఆక్సీమీటరుకు ప్రాణవాయువు ఎక్కిన రక్తానికీ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తానికీ తేడా తెలియదు. మనిషి ప్రమాదంలో వున్నా 98 అని చూపవచ్చు. ఆ అంకె చూసి ధైర్యపడవద్దు. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ ఎంతో చూసే పరీక్ష వేరే వుంది.

కోలుకుని ఇంటికి వచ్చినవారిని కూడా కొన్ని వారాలు కనిపెట్టి వుండాలి. కొందరిలో మతిమరుపు, తడబాటు నడక, స్వభావంలో మార్పు ఆలస్యంగా బయటపడతాయి. అలా కనిపిస్తే మళ్ళీ డాక్టరుకు చూపించండి.

పాఠకుల సందేహాలు

ప్ర: కుంపటి పక్కన నీళ్ళగిన్నె పెడితే విషం నీళ్ళలో కలిసిపోతుందంటారు. నిజమేనా?
జ: కాదు. ఈ వాయువు నీళ్ళలో కరగదనే చెప్పాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా, మాస్కు పెట్టుకున్నా ఆగదు. గదిలో మొక్కలు పెట్టినా లాభం లేదు.

ప్ర: కిటికీ ఓరగా తెరిచి వుంచితే కుంపటి పెట్టుకోవచ్చా?
జ: నిద్రపోయే గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఓరకిటికీని నమ్ముకుని పడుకునేకన్న, నిప్పును బయట వుంచి చలికాచుకుని లోపలికి రావడం మేలు.

ప్ర: మా దుకాణం వెనుక జనరేటరు వుంది. ఎంత దూరంలో వుంటే భయం లేదు?
జ: ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటివైపు తిరగకుండా పెట్టండి. షట్టరు సగం ఎత్తి వుంచితే చాలుననుకోవద్దు.

ప్ర: వంటింట్లో మంట పచ్చగా వస్తున్నది. గిన్నెల అడుగున మసి పడుతున్నది. భయమా?
జ: గ్యాసు సరిగా మండడం లేదని అర్థం. బర్నరు శుభ్రం చేయించండి. మంట నీలంగా వున్నంత మాత్రాన కిటికీ మూసుకోవచ్చునని కాదు. వంట చేసినంతసేపూ గాలి ఆడాలి.

ప్ర: మా అమ్మాయి ఇంగ్లండులో అద్దె ఇంట్లో వుంది. అలారం ఇంటివాళ్ళు పెట్టాలా, తను కొనుక్కోవాలా?
జ: అక్కడ 2022 అక్టోబరు 1 నుంచి, గ్యాస్ బాయిలరు వంటివి బిగించి వున్న గదుల్లో అలారం పెట్టించవలసిన బాధ్యత ఇంటి యజమానిదే. వంటపొయ్యికి మాత్రం ఆ నిబంధన లేదు. అది వుందో లేదో, పరీక్షమీట నొక్కితే మోగుతున్నదో లేదో ఈవేళే ఫోను చేసి అడగండి.

ప్ర: వంటగ్యాసు వాసన వచ్చినప్పుడూ ఇదే పద్ధతా?
జ: బయటికి నడవడం ఒక్కటే రెండింటికీ సమానం. గ్యాసు వాసన వస్తే కరెంటు స్విచ్చులు వెయ్యవద్దు, తియ్యవద్దు, అగ్గిపుల్ల గియ్యవద్దు. సిలిండరు రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోను చేయండి.